చోడవరం మిగులు వేడి

రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైన ఏడాది, చలికాలంలో, ఉష్ణాభివృద్ధి ప్రత్యేకాధికారి గణపతిరావుగారు చోడవరంలో సభ పెట్టారు. ఇంతవరకూ ఈ దేశంలో వేడిని ఎవరికి తోచినట్టు వారు పుట్టించుకుంటున్నారనీ, ఇకమీదట ఆ అరాచకం సాగదనీ, ప్రతి డిగ్రీ సర్కారు లెక్కకి వచ్చి తీరుతుందనీ ప్రకటించారు. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ పొద్దుట చలికి అందరి చేతులూ కొంకర్లు పోయి ఉన్నాయి.

గణపతిరావుగారు సామాన్యులు కారు. లోగడ ఆయన కోళ్ల అభివృద్ధిలో పనిచేశారు. తలలు మానేసి కాళ్లు లెక్కపెట్టించడంతో ఆయన హయాంలో కోళ్ల సంపద ఒక్క ఏడాదిలో రెట్టింపైంది. అంతటి మనిషిని వేడి మీదకి పంపినందుకు ఊరు గర్వపడాలి.

వేడి కొలవడానికి మనిషి కావలసి వచ్చాడు. ఊళ్లో థర్మామీటరు పట్టుకోవడం వచ్చినవాళ్లు ఇద్దరే. డాక్టరుగారు లోకం తెలిసినవారు, తీరిక లేదన్నారు. మిగిలింది హైస్కూల్లో సైన్సు చెప్పే వేంకటరమణమూర్తి మేష్టారు. ఆయన నాలుగేళ్లుగా టెంపరరీ. ఏప్రిల్లో తీసేస్తారు, జూన్లో మళ్లీ వేసుకుంటారు. మధ్యలో ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో ఎవరూ అడగరు. ఈ పని చేసిపెడితే పర్మనెంటు ఆర్డరు ఇప్పిస్తానని గణపతిరావుగారు మాట ఇచ్చారు. మేష్టారి భార్య దుర్గాంబ ఆ సాయంత్రమే సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది.

చోడవరం చుట్టుపక్కల చలికాలంలో వేడి అంటే బెల్లం పొయ్యిలే. మేష్టారు పొడుగాటి థర్మామీటరు పట్టుకుని మొదట పెదబాబు పొయ్యి దగ్గరికి వెళ్లారు. పెదబాబు ముప్పయ్యేళ్లుగా బెల్లం వండుతున్నవాడు. పాకం చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ కట్టిందో లేదో చూసి పెనం దింపిస్తాడు. మేష్టారు పెనంలో థర్మామీటరు ముంచితే రెండువందల నలభై ఫారెన్‌హీటు చూపించింది. అదే సమయానికి పెదబాబు చేతిలో ఉండ కట్టింది. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

నూట ఎనభై పొయ్యిలు తిరిగేసరికి మేష్టారి కాళ్లు వాచాయి. అన్ని పెనాలూ రెండువందల నలభయ్యే. ఆ మాటే ఒక్క ముక్కలో రాసి ఇచ్చారు. గణపతిరావుగారు కాయితం చూసి, మొత్తం ఏదీ అన్నారు.

డిగ్రీలకి మొత్తం ఉండదని మేష్టారు వినయంగా మనవి చేశారు. గరిటెడు పాకానికీ పెనం నిండా ఉన్న పాకానికీ డిగ్రీలు ఒకటే, వేడి మాత్రం ఒకటి కాదు. గరిటె ఊదితే చల్లారుతుంది, పెనం పూటంతా చల్లారదు. వేడి ఎంతో తెలియాలంటే సరుకు బరువు కూడా చూడాలి. డిగ్రీ అన్నది వేడి ఏ ఎత్తున ఉందో చెబుతుందే గాని ఎంత ఉందో చెప్పదు. ఇదంతా గణపతిరావుగారు ఎంతో శ్రద్ధగా విన్నారు.

"మేష్టారూ, మీరు ఒక్కొక్క పెనం సంగతి చూస్తున్నారు. ప్రభుత్వం దేశం సంగతి చూస్తుంది. కలపండి," అన్నారు.

కలిపితే నలభై మూడు వేల రెండువందల డిగ్రీలు తేలింది. అడుగున 'సరిచూడబడినది' అని మేష్టారు సంతకం పెట్టాలి. ఆయన ఆ కాయితం పట్టుకుని పెదబాబు దగ్గరికి వెళ్లి కూచున్నారు. పెదబాబు చుట్ట తీసి సంగతి విన్నాడు.

"ఇద్దరికి జొరమొచ్చిందనుకో బాబూ. సెరో నూట రెండూ. కలిపి రెండొందల నాలుగని ఇద్దర్నీ ఒకేపాలి తగలెట్టేత్తారేటి?" అన్నాడు.

మేష్టారికి ధైర్యం వచ్చింది. తిన్నగా గణపతిరావుగారి దగ్గరికి వెళ్లి, అయ్యా, సూర్యుడి ఒంటి మీదే పదివేల డిగ్రీలు, మనం నలభై మూడు వేలు రాస్తే నలుగురూ నవ్వుతారు అన్నారు. గణపతిరావుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లు చెమర్చాయి. సూర్యుడి సంగతి ఇంతసేపూ ఎందుకు దాచారని మేష్టారిని ప్రేమగా కసిరారు. చోడవరం ఉష్ణోత్పత్తి నాలుగు సూర్యుళ్లను మించిపోయిందని రిపోర్టు రాయించారు. మేష్టారు సంతకం పెట్టారు. మే నెల అద్దె కళ్ల ముందు కనబడుతుంటే ఎంతటి సైన్సైనా పక్కకి తప్పుకుంటుంది.

పై ఆఫీసు ఆ రిపోర్టు చూసి పొంగిపోలేదు, పని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ధాన్యం ఎక్కువ పండిన చోటు నించి తక్కువ పండిన చోటికి తోలించడం సర్కారు వారికి బాగా అలవాటు. ఆ చేత్తోనే పదిహేను రోజుల్లో ఆర్డరు వచ్చింది. చోడవరం సర్‌ప్లస్ ప్రాంతం. పాడేరు ఏజెన్సీ చలికి వణుకుతున్న డెఫిసిట్ ప్రాంతం. తక్షణం అయిదువేల డిగ్రీలు పాడేరు తోలించవలెను.

ఇరవై నాలుగు బానల్లో నీళ్లు సలసల మరిగించారు. బానకి రెండువందల పన్నెండు చొప్పున ఆర్డరుకి మించే వచ్చింది. మూతులకి మైనం పెట్టి, గడ్డి చుట్టి, గోనెలు కప్పి రెండు బళ్లకి ఎత్తారు. సరుకు భద్రతకి మేష్టారినే ఇన్‌ఛార్జిగా వేశారు. సరుకు క్షేమంగా చేరితే పర్మనెంటు ఆర్డరు చేతిలో పెడతానని గణపతిరావుగారు అందరి ముందూ అన్నారు. బళ్లకి హారతి ఇచ్చారు.

మొదటి రోజు మాడుగుల దాటేటప్పటికే మేష్టారు గోనెలోకి చెయ్యి పెట్టి చూసి, గడ్డి మళ్లీ బిగించి కట్టించారు. రెండో రోజు పొద్దుట ఘాటీలో మంచు ఎద్దుల కొమ్ములు కనబడనంత దట్టంగా పట్టింది. మేష్టారికి ఉన్నది ఒక్క నూలు కోటు. పళ్లు టకటక కొట్టుకుంటుంటే గడ్డి కింద బానకి రెండు చేతులూ ఆనించి కాసేపు కాచుకున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం పాడేరు గుమాస్తా బానలు విప్పించి, కొలిచి, బానకి డెబ్బై డిగ్రీలు మాత్రమే ముట్టినవి అని రాసి, నీళ్లు క్రోటన్ మొక్కలకి పోయించి, ఖాళీ బానలు తిప్పి పంపించాడు.

మేష్టారు చోడవరం చేరేసరికి మెమో సిద్ధంగా ఉంది. బానకి నూట నలభై రెండు చొప్పున మూడువేల నాలుగువందల ఎనిమిది డిగ్రీలు దారిలో ఏమైనవో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. వేడి ఉన్న చోటి నించి లేని చోటికి దానంతట అదే పోతుందనీ, దారి పొడుగునా గాలిలోకి పోయిందనీ ఆయన రాశారు. గణపతిరావుగారు అది చదివి నిజంగా బాధపడ్డారు.

"పోయిందంటే ఎవరికి పోయింది? ఎవరికి పోయిందో వాళ్ల రశీదు ఉండాలా, వద్దా? సర్కారు సొమ్ము దానంతటది పోవడం నా సర్వీసులో చూళ్లేదు," అన్నారు.

దుర్గాంబ రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట, పోనీ ఆ రశీదులేవో తెస్తే మన సొమ్మేం పోయింది అంది. మేష్టారు పెదబాబుని తోడు తీసుకుని మళ్లీ ఆ దారినే బయల్దేరారు.

దారిలో ఏడు ఊళ్లు. సర్కారు వేడి మీ ఊరి గాలిలో కలిసిందండీ, సంతకం కావాలి అంటే ఏ ప్రెసిడెంటూ కాదనలేదు. ఇచ్చిందని సర్కారు వారే చెబుతుంటే పుచ్చుకోలేదనడానికి ఎవరికి నోరొస్తుంది? వాళ్ల పేచీ ఒక్కటే.

"పక్కూరికెంత రాసేవు మేష్టారూ? ఆలకంటే ఒక్క డిగ్రీ తగ్గినా మేం ఒప్పుకోం," అన్నాడు మొదటి ఊరి ప్రెసిడెంటు.

అందుకని ఊరికి నాలుగువందల ఎనభై చొప్పున సమానంగా రాశారు. ఏడు ఊళ్లకీ మూడువేల మూడువందల అరవై. ఇంకా నలభై ఎనిమిది డిగ్రీలకి లెక్క కావాలి, దారిలో ఎనిమిదో ఊరు లేదు. ఏ చెట్టు పేరో రాసెయ్యమని పెదబాబు సలహా ఇచ్చాడు. మేష్టారికి అప్పటికే ఏడు అబద్ధాలు రాసి తన చేతి మీద తనకే అసహ్యం పుట్టింది. ఒక్కటైనా నిజం రాయాలనిపించింది. ఘాటీలో చలికి తాళలేక బానకి చేతులు ఆనించి కాచుకున్నాననీ, ఆ నలభై ఎనిమిదీ నాకే ముట్టినవనీ రాసి సంతకం పెట్టారు.

వారం తిరిగేసరికి రెండు ఆర్డర్లు ఒకే టపాలో వచ్చాయి. ఒకటి గణపతిరావుగారికి. రవాణాలో నష్టం నిల్ అనీ, దారిలో ఏడు గ్రామాలకి కూడా పంపిణీ జరపడం ఆదర్శప్రాయమనీ మెచ్చుకుని, వారిని విశాఖపట్నానికి ప్రమోట్ చేశారు. రెండోది మేష్టారికి. ఏడు గ్రామాలవారు ప్రజలు కనుక వారు పుచ్చుకున్నది న్యాయమే. ఇన్‌ఛార్జిగా ఉండి, ఏ అధికారి అనుమతీ లేకుండా, నలభై ఎనిమిది డిగ్రీల ప్రభుత్వపు వేడిని సొంత ఒంటికి వాడుకున్నట్టు మీరే స్వహస్తంతో ఒప్పుకున్నారు. కాబట్టి ఈ తేదీ నుంచి మీ సేవలు అక్కరలేదు.

మేష్టారు ఆర్డరు దుర్గాంబ చేతికిచ్చి అరుగు మీద కూచున్నారు. ఆవిడ కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. ఏడవలేదు, దెప్పలేదు.

"పోనీ, ఆ పూట మీ చేతులైనా వెచ్చబడ్డాయా?" అని అడిగింది.

మేష్టారు సైన్సు చదివిన మనిషి, ఇంట్లో అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"అప్పటికే చల్లారిపోయింది," అన్నారు.