గడియకో సమీక్ష

బడి బాగుపడటానికి పంతుళ్ళు కావాలనీ, పుస్తకాలు కావాలనీ ఇంకా నమ్మేవాళ్ళున్నారంటే నాకు జాలేస్తుందండీ. అవేవీ అక్కర్లేదు. సమీక్షా సమావేశం ఒక్కటి సవ్యంగా జరిగితే చాలు!

ఈ మాట గాలికి అనడం లేదు. మాది పెడన పక్కనే ఓ ఊరు. ఊళ్ళో ఒక ప్రాథమిక పాఠశాల. అయిదు తరగతులు, రెండు గదులు, ఇద్దరు టీచర్లు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ డిప్యుటేషన్ మీద ఇంకెక్కడో ఉంటారు. ఆ బడి కమిటీలో నేను 'విద్యాభిమాని' హోదాలో సభ్యుణ్ణి. విద్యాభిమాని అంటే బడిలో తన పిల్లలెవరూ చదవకపోయినా మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండేవాడని అర్థం. బందరులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆఫీసు ఉద్యోగం చేసి, ఫైలు మీద నోట్ రాయాలంటే ఉమామహేశ్వరరావే రాయాలనిపించుకుని రిటైరైనవాణ్ణి. అందుకని మినిట్స్ బుక్ నా చేతికొచ్చింది.

ప్రతినెలా మూడో శనివారం మా సమీక్ష. ముందు ప్రగతి, తర్వాత ప్రాధాన్యాలు. అంటే ఎంత ఎదిగామో చూసుకుని, ఇంకా ఎటు ఎదగాలో చూసుకుంటాం. మధ్యలో టీ.

దీనివల్ల పిల్లలకేం లాభం అంటారా? చెబుతాను. సమావేశానికి గది కావాలి కదా? ఉన్న రెండిట్లో ఫ్యానున్న గది మేం తీసుకుంటాం. అయిదు తరగతుల పిల్లలూ రెండో గదిలో సర్దుకుంటారు. బస్సులో సీటు లేకపోయినా ప్రయాణం చెయ్యడం మీ పిల్లలకి ఏ కార్పొరేట్ స్కూల్లో నేర్పుతున్నారు? సమీక్షకి మూడు రోజుల ముందునుంచీ మాస్టారు రిపోర్టులు తయారుచేస్తుంటారు. ఆ మూడు రోజులూ పిల్లలది స్వయంకృషి!

మా హెడ్మాస్టారి పేరు దైవాధీనం. రోజూ గుడివాడ నుంచి రైల్లో వస్తారు, సాయంత్రం రైల్లో పోతారు. మంచి మనిషి. ఆయన ఫోన్లో బడి తాలూకు యాప్‌లు పదకొండున్నాయి. పిల్లల మొహాలకన్నా ఆ బొమ్మల్ని ఆయన త్వరగా గుర్తుపడతారు.

ప్రగతికి యాప్‌లో మూడు రంగులున్నాయి. పని మొదలుకాకపోతే ఎరుపు, నడుస్తుంటే పసుపు, అయిపోతే ఆకుపచ్చ. ఎరుపు కనిపిస్తే పైనుంచి ఫోనొస్తుంది. అందుకని మా బడిలో ఎరుపు లేదు. ప్రహరీ గోడ ఆరేళ్ళుగా పసుపులో ఉంది. ఒక్క ఇటుక పడలేదు, ఒక్క సిమెంటు బస్తా రాలేదు, అయినా ఆరేళ్ళుగా గోడ పురోగతిలోనే ఉంది! కట్టిన గోడలు వానకి నాని పగుళ్ళిచ్చాయి గానీ మా గోడ చెక్కు చెదరలేదు.

ఇక రెండో భాగం. దీని పేరు 'ప్రాధాన్యతలు' అని ఫారంలో ఉంది. 'ప్రాధాన్యత' అనడం తప్పు, 'ప్రాధాన్యం' అనాలని నేను అభ్యంతరం చెప్పాను. ఒక సమావేశం మొత్తం దానికే సరిపోయింది. చివరికి నేనే గెలిచాను. తర్వాతి నెల అసలు ప్రాధాన్యాలు ఏమిటో రాశాం. మొత్తం పద్నాలుగు. ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక పద్నాలుగింటికీ ఒకటో నంబరే ఇచ్చాం. గుడివాడలో ప్రైవేటు స్కూళ్ళు పిల్లలందరికీ ఫస్టు ర్యాంకు ఇవ్వగా లేనిది, మేం పనులకిస్తే తప్పేమిటి?

సమీక్ష ఫ్లెక్సీ గురించి కూడా చెప్పాలి. నెలకో ఫ్లెక్సీ వేయిస్తాం. పాతవన్నీ కలిపి కుట్టి వంటావిడ తన పొయ్యి మీద పందిరిలా కట్టుకుంది. వానాకాలంలో పప్పులో నీళ్ళు పడకుండా కాపాడుతున్నది మా ప్రగతే కదండీ.

ఇంత సాఫీగా సాగుతున్న సమీక్షలో ఒకావిడ అడ్డుపుల్ల వేసింది. ఆవిడ ఎవరో కాదు, మా కమిటీ చైర్మన్ విజయకుమారి. కలంకారీ అద్దకం షెడ్లో పనిచేస్తుంది. వేళ్ళకి ఎప్పుడూ ఎర్రరంగు అంటుకునుంటుంది. సంతకం పెడితే మినిట్స్ బుక్ మీద వేలిముద్ర కూడా పడుతుంది. ఆవిడ కూతురు శ్రావ్య మూడో తరగతి.

ఆ రోజు మేం వాటర్ బెల్ గురించి సమీక్షిస్తున్నాం. వాటర్ బెల్ అంటే రోజుకి మూడుసార్లు గంట కొట్టి పిల్లల చేత నీళ్ళు తాగించడం. గంట కొట్టగానే సీసాలెత్తిన పిల్లల ఫోటో యాప్‌లో ఎక్కించాం. నూటికి నూరు శాతం, ఆకుపచ్చ.

"ఎత్తుతున్నారండీ, తాగట్లేదు" అంది విజయకుమారి. "ఆడపిల్లల బాత్రూం తలుపుకి బోల్టు ఊడిపోయి ఆర్నెల్లయింది. తలుపు పడదు. ఎవరొస్తారోనని మా శ్రావ్య నీళ్ళే ముట్టుకోవట్లేదు. పొద్దున నింపిచ్చిన సీసా సాయంత్రం అలాగే తెస్తోంది. మొన్న జ్వరమొచ్చి, ఒంటికెళ్తే మంటని ఏడ్చింది. పిల్ల చేత నీళ్ళు తాగించట్లేదా అమ్మా అని డాక్టరుగారు నన్ను తిట్టారు. ఒక్క బోల్టు పెట్టించండి బాబాయిగారూ."

న్యాయమైన కోరిక. నేను వెంటనే కలం తీశాను. కానీ బోల్టు ఏమిటండీ? తెలుగు బడి, తెలుగు మినిట్స్ బుక్, అందులో బోల్టా? "చక్కటి తెలుగు మాట ఉందమ్మా, గడియ అంటారు" అన్నాను.

"ఏదో ఒకటి రాయండి బాబాయిగారూ, తలుపు పడితే చాలు" అంది.

రాశాను. "బాలికల మరుగుదొడ్డికి తగు గడియ తక్షణమే సమకూర్చవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." చదివి వినిపిస్తే సభ్యులు బల్ల చరిచారు. నా సర్వీసులో అంత మంచి వాక్యం రాయలేదు.

దైవాధీనం మాస్టారు దాన్ని యాప్‌లో ఎక్కించాలి. ఆయన ఒక కన్ను ఫోను మీదా, ఒక కన్ను రైలు టైము మీదా ఉంచి 'గడి' అని కొట్టారు. కింద ఒకే ఒక్క పేరు వచ్చింది. ఆయన నొక్కేసి సంచి తీసుకుని స్టేషనుకి పరిగెత్తారు.

నలభై రోజులకి బడికి గోడ గడియారం వచ్చింది!

గుండ్రంగా, పళ్ళెమంత ఉంది. తీర్మానంలో 'బాలికల మరుగుదొడ్డికి' అని స్పష్టంగా ఉంది కాబట్టి ఆ గోడకే, తలుపు పక్కన, మేకు కొట్టి తగిలించాం. కమిటీ అంతా దాని కింద నిలబడి ఫోటో దిగాం. ఆకుపచ్చ. పని పూర్తయింది.

విజయకుమారి మాత్రం ఫోటోలో నవ్వలేదు. "గడియారాన్ని తలుపుకి అడ్డం పెట్టుకోమంటారా పిల్లల్ని?" అంది.

ఆవిడకి నేను ఓపిగ్గా చెప్పాను. పూర్తయిన పనిని మళ్ళీ ప్రాధాన్యాల్లో పెట్టడానికి యాప్ ఒప్పుకోదు. మా కమిటీ నియమావళీ ఒప్పుకోదు. అయినా గడియారం వల్ల ఉపయోగం లేదా? లోపలికి వెళ్ళినవాళ్ళు ఎంతసేపైందో బయటివాళ్ళకి తెలుస్తుంది. సమయపాలన అలవడుతుంది! ఆవిడ సంతకం పెట్టి, ఎర్ర వేలిముద్ర వదిలి, షెడ్డుకి వెళ్ళిపోయింది.

సమీక్షల వల్ల ఫలితం ఉండదని ఇంకా అంటున్నారా? అయితే అసలు సంగతి వినండి. గడియారం వచ్చిన రెండు నెలలకి మా బడి ఆడపిల్లలకి ఎక్కాలు అద్భుతంగా వచ్చేశాయి. మగపిల్లలు ఏడో ఎక్కం దగ్గర నీళ్ళు నములుతుంటే మూడో తరగతి ఆడపిల్లలు పంతొమ్మిదో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెబుతున్నారు. తనిఖీకొచ్చిన ఆఫీసరుగారు నోరు తెరిచారు. "ఏం చేశారండీ?" అని అడిగారు.

"అంతా సమీక్షల ఫలితమండీ" అన్నారు దైవాధీనం మాస్టారు.

ఈ విజయం మీద నేను ఒకటిన్నర పేజీ నోట్ రాశాను. నెలనెలా సమీక్షకీ, గణితంలో బాలికల ప్రగతికీ ఉన్న సంబంధాన్ని తొమ్మిది పాయింట్లలో నిరూపించాను. అది చదివి దివిసీమ నుంచి ఇద్దరు టీచర్లు రెండు బస్సులు మారి వచ్చి, మా సమావేశంలో కూర్చుని, టీ తాగి, నోట్సు రాసుకెళ్ళారు. వాళ్ళ బడిలో కూడా సమీక్షలు పెంచుతామన్నారు. సంతోషం!

మొన్న మూడో శనివారం సమీక్ష మూడు గంటలు నడిచింది. రెండు టీలు, ఒక గ్లాసు మజ్జిగ, ఒక బందరు లడ్డు అయ్యాయి. నాకసలే షుగరు. అయిదో అంశం దగ్గర కదిలాను. ఆరో అంశం దగ్గర లేచాను. ఇల్లు దూరం. మగపిల్లల మరుగుదొడ్లో విరిగిన బల్లలు పెట్టి తాళం వేశారు. వాళ్ళు కాలవగట్టుకి వెళ్తారు. దైవాధీనం మాస్టారు గుడివాడ చేరేదాకా ఓర్చుకుంటారు. నాకు అంత శక్తి లేదు. గడియారమున్న గోడ వైపు నడిచాను.

పక్కనే కుళాయి దగ్గర శ్రావ్య అన్నం పళ్ళెం కడుక్కుంటోంది. నన్ను చూసింది.

"లోపలికెళ్తున్నారా తాతగారూ? మీకు ఎన్నో ఎక్కం వచ్చు?"

ఇదేం ప్రశ్నండీ? "ఎందుకే?" అన్నాను.

"లోపల ఎవరో ఉన్నారని తెలియాలిగా! గట్టిగా చెప్తూనే ఉండాలి. ఆపితే ఖాళీ అనుకుని తోసేస్తారు. రెండో ఎక్కం అయితే ఊరికే అయిపోతుంది. పెద్దది చెప్పండి."

నేను లోపలికెళ్ళాను. తలుపు దగ్గరికి వేస్తే జానెడు తెరుచుకుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ తెరుచుకుంది. బోల్టు ఉండాల్సిన చోట నాలుగు చిల్లులున్నాయి, అంతే. బయట పిల్లల అడుగుల చప్పుడు. వేరే దారిలేక మొదలుపెట్టాను.

"పదమూడు ఒకట్ల పదమూడు! పదమూడు రెళ్ళు ఇరవై ఆరు!"

ఆరుల దాకా బాగానే వెళ్ళాను. ఏళ్ళు తొంభై ఒకటి. ఎనిమిదులు... ఎనిమిదులు దగ్గర ఆగిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి, పదమూడు ఎనిమిదులు గుర్తురాలేదు. తలుపు కదిలింది. ఒక చేత్తో తలుపు పట్టుకుందామంటే అందదు.

"నూట నాలుగు తాతగారూ!" బయటనుంచి శ్రావ్య అరిచింది. "ఆపకండి! ఆపకండి!"

"నూట నాలుగు! తొమ్మిదులు నూట పదిహేడు!" అని నేనూ అరిచాను.

నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. అరవై ఏడేళ్ళ మగవాణ్ణి, ఒక్క పూటకే చచ్చేంత సిగ్గుపడ్డాను. వాళ్ళు ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు. నా తొమ్మిది పాయింట్ల నోట్ గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

తిరిగి గదిలోకి వచ్చేసరికి ఏడో అంశం నడుస్తోంది: ఎక్కాల్లో బాలికల ప్రగతికి అభినందన. సభ్యులెవరూ నా మొహం చూడటం లేదు. రెండు గదుల బడి, గొంతు బాగానే వినిపించుంటుంది. విజయకుమారి ఒక్కతే నా వైపు చూసి, మంచినీళ్ళ గ్లాసు ముందుకు తోసింది. నేను తాగలేదు.

కలం తీసి, నా జీవితంలో మొదటిసారి, మినిట్స్ బుక్‌లో ఇంగ్లీషు మాట రాశాను. బోల్టు. పెద్దక్షరాలతో, రెండుసార్లు అండర్‌లైన్ చేశాను.

దైవాధీనం మాస్టారు ఫోను తీసి కొత్త పని కింద 'బో' అని కొట్టారు. నేను ఆయన చెయ్యి పట్టుకునేలోపే వేలు పడిపోయింది. రైలు టైమైంది మరి. బడికి బోర్డు వస్తోంది. వచ్చాక ఆ తలుపుకే కొట్టి, 'బాలికల మరుగుదొడ్డి' అని రాయించి ఫోటో దిగుతాం.

మీరే ఒక బోల్టు కొని బిగించొచ్చుగా అంటారా? కొన్నానండీ! ఆ సాయంత్రమే పెడన సెంటర్లో ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి కొన్నాను. నాలుగు స్క్రూలు, అయిదు నిమిషాల పని. నా సంచిలోనే ఉంది. కానీ బడి ఆస్తికి ఏది బిగించాలన్నా తీర్మానం ఉండాలి. నేను రాసిన ఒక్క మాట తీర్మానం కిందకి రాదు, పూర్తయిన పని మీద కొత్త తీర్మానం కుదరదు. ఆ నియమం రాసింది నేనే. కామా కూడా మార్చలేనంత గట్టిగా రాశాను. నియమం సవరించే విషయాన్ని వచ్చే సమీక్షలో తొమ్మిదో అంశంగా పెట్టించాను. ప్రాధాన్యం, ఒకటో నంబరు.

ఈలోగా రోజూ పొద్దున్నే పద్నాలుగో ఎక్కం బట్టీ పడుతున్నాను. నిన్న వీధిలో శ్రావ్య ఎదురైంది. పద్నాలుగు తొమ్మిదులు ఎంత అని అడిగింది. చెప్పలేకపోయాను.

"అయితే మీటింగ్ రోజు పొద్దుట్నుంచీ నీళ్ళు తాగకండి తాతగారూ" అంది. "మొదట్లోనే కష్టం. తర్వాత అలవాటైపోతుంది."