ఉడత బరువుపై విచారణ

ఆ ఉదయం ఇన్‌స్పెక్టర్ గారి కార్యక్రమం చాలా మామూలుది. ముందు ఉడతను తూచాలి, తర్వాత టీ తాగాలి, ఆ తర్వాత వీధివాళ్ళతో కలిసి నడకకు వెళ్ళి పిట్టలను చూడాలి. తూనికల శాఖలో రిటైరైనా వీధిలో ఆయనను అందరూ ఇన్‌స్పెక్టర్ గారనే పిలిచేవారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన బజారులో అడుగుపెడితే తక్కెడలు వాటంతటవే బుద్ధిగా నిలబడేవనీ, పుచ్చకాయలు భయంతో కాస్త బరువు పెరిగేవనీ చెప్పుకునేవారు. కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఎక్కువే చెబుతారు.

ఇప్పుడాయనకు బజారు లేదు, పెరడే మిగిలింది. తన పాత తక్కెడను పెరటి గట్టు మీద నిలబెట్టి, ఒక పళ్ళెంలో వేరుశెనగ గింజలు, రెండో పళ్ళెంలో చిన్న తూకపు రాళ్ళు వేసేవారు. గోడ దిగి ఉడత వచ్చేది. పళ్ళెంలో కూర్చుని, గింజను రెండు చేతులతో పట్టుకుని గిరగిరా తిప్పి, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలా అని కాసేపు ఆలోచించి మరీ కొరికేది. ఆ మీసాలు ఆడుతున్నంతసేపూ ఇన్‌స్పెక్టర్ గారు ఊపిరి బిగబట్టి చూసేవారు. ఆయనను చూసి భయపడని ప్రాణి లోకంలో అదొక్కటే మరి.

ఆ రోజు ఉడత కూర్చోగానే పళ్ళెం దిగిపోయింది.

"ఏమే! ఒకసారి ఇలా రా. దీని బరువు పెరిగింది!"

"పెరగనివ్వండి పాపం," అంది భార్య వంటింటి కిటికీలోంచి.

"నేను గింజలు పెంచలేదు. మరి బరువెలా పెరుగుతుంది? ఎవరో బయట మేపుతున్నారు."

"మేపితే మేపారు, మీ సొమ్మేం పోయింది?"

"నెమ్మదిగా మన ఉడతను బుట్టలో వేసుకుంటున్నారే! రేపటి నుంచి ఇది ఇటువైపు మొహం కూడా చూపించదు."

"మన ఉడతేమిటండీ? దానికి మీరేమైనా సీలు వేశారా?"

ఆవిడ వేళాకోళానికే అంది. కానీ జీవితమంతా సీళ్ళు వేసిన మనిషి ముందు అనకూడని మాట అది. ఇన్‌స్పెక్టర్ గారి కళ్ళు మెరిశాయి. భార్య అటు తిరగగానే వంటింట్లోకి దూరి, కేకుల్లో వేసే ఊదారంగు సీసా పట్టుకొచ్చారు. తిన్నా ప్రమాదం లేని రంగే. దాన్ని ఒక స్పాంజి మీద ఒంపి, పళ్ళెం పక్కనే పెట్టారు. ఉడత గింజలు ముగించి, స్పాంజి మీదుగా దిగి, నాలుగు కాళ్ళకూ ఊదారంగు మేజోళ్ళు తొడుక్కున్నట్టు ముస్తాబై గోడ దాటింది. ఇక ఎవరింట్లో ఆ అడుగులుంటే వాళ్ళే దొంగలు. ఇన్‌స్పెక్టర్ గారు టీ కూడా తాగకుండా నడకకు బయలుదేరారు.

నడకకు నాయకురాలు బయాలజీ టీచరమ్మ. మెడలో బైనాక్యులర్లు లేకుండా ఆవిడ కూరగాయలకు కూడా వెళ్ళదు. "ష్! లకుముకి పిట్ట!" అని ఆవిడ కాలవ గట్టు మీద చెయ్యెత్తగానే అందరూ బిగుసుకుపోయారు. నీలంగా ఒక మెరుపు నీళ్ళలోకి దిగి, చేపతో పైకి లేచింది. అందరూ ఆనందంతో నిట్టూర్చారు, ఇన్‌స్పెక్టర్ గారు తప్ప. ఆయన మనుషుల జేబులు చూస్తున్నారు, ఎవరి జేబులోనైనా గింజలున్నాయేమోనని.

"టైలర్ రాలేదేం ఇవాళ?" అన్నారు అదాటున.

"పిల్లల ఆసుపత్రి డాక్టర్ల కోట్లు ఇవాళే ఇచ్చెయ్యాలట," అంది టీచరమ్మ. "కుట్టి, ఉతికి, ఆరేశాడు. ఇవి నచ్చితే ఆసుపత్రి కుట్టుపనంతా అతనికేనట. పోతే దుకాణం మూసుకోవడమే అని రాత్రంతా నిద్రపోలేదు పాపం."

ఇన్‌స్పెక్టర్ గారు తల పంకించారు. టైలర్‌ది పక్కిల్లే. గోడ ఒక్కటే. నిద్రపోనివాడు తెల్లవారేదాకా ఏం చేస్తాడు? ఉడతను మేపుతాడు. కోట్లు వట్టి సాకు.

తిరిగి వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి టీచరమ్మ కెవ్వుమంది. గోడ మీద ఉడత పరుగెడుతోంది.

"దాని కాళ్ళు చూడండి! ఊదారంగు! ఇలాంటి జబ్బు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు."

"అయితే లేదేమోనండీ," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"చదవలేదంటే కొత్త జబ్బని అర్థం! ఎవరూ దగ్గరికి వెళ్ళకండి. ఇన్‌స్పెక్టర్ గారూ, అది మీ పెరట్లోకే కదా వచ్చేది? ఏదీ, మీ చేతులు చూపించండి."

ఆయన వేళ్ళు మొదళ్ళ దాకా ఊదాగా ఉన్నాయి. చటుక్కున రెండు చేతులూ జేబుల్లోకి తోసేశారు.

"చలిగా ఉందండీ," అన్నారు నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ. టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మిగతావాళ్ళు నాలుగు వేశారు.

సరిగ్గా అప్పుడే టైలర్ ఇంట్లోంచి కేక వినబడింది. ఆ కేకకు మూడు వీధుల అవతల కుక్కలు కూడా లేచి నిలబడ్డాయంటారు. అందరూ పరుగెత్తారు. పెరట్లో తాడు మీద మల్లెపువ్వుల్లాంటి తెల్లకోట్లు వరసగా ఆరుతున్నాయి. వాటి మీద భుజం నుంచి అంచుదాకా, అంచు నుంచి జేబుదాకా ఊదారంగు బుల్లి అడుగులు.

"నా కొంప మునిగింది సార్!" అని టైలర్ ఇన్‌స్పెక్టర్ గారి కాళ్ళ మీద పడినంత పని చేశాడు. "ఎవడో పనిగట్టుకుని జంతువు కాళ్ళకు రంగు పూసి నా కోట్ల మీదకు వదిలాడు! ఎంత కుట్ర! ఎంత ఓపిక!"

"అంటే జబ్బు కాదన్నమాట," అంది టీచరమ్మ కాస్త నిరాశగా. ఆ వెంటనే అందరూ ఇన్‌స్పెక్టర్ గారి వైపు తిరిగారు. "మీరే పట్టుకోవాలి. మీ కన్నుగప్పి ఈ వీధిలో చీమైనా నడవదు కదా!"

అలా ఇన్‌స్పెక్టర్ గారు తన నేరాన్ని తానే విచారించడం మొదలుపెట్టారు, చేతులు జేబుల్లోనే ఉంచుకుని. కోట్ల చుట్టూ తిరిగారు. వంగి చూశారు. "ఊఁ" అన్నారు. ఆ ఒక్క ముక్కకే జనానికి సగం కేసు తేలిపోయినట్టనిపించింది.

"నీకెవరి మీదైనా అనుమానం ఉందా?" అని అడిగారు, ఏదో ఒకటి అడగాలి కనుక.

"ఇంకెవరు సార్, మా బావమరిది! వెనక వీధిలో దుకాణం పెట్టాడు. ఈ ఆర్డరు నాకొచ్చిందని తెలిసినప్పటి నుంచి మా ఇంటికి రావడం మానేశాడు."

అని టైలర్ గజంబద్ద పట్టుకుని వెళ్ళి, వద్దంటున్నా వినకుండా బావమరిదిని కాలరు పట్టి లాక్కొచ్చాడు. అతని నోట్లో ఇంకా టూత్‌బ్రష్ ఉంది.

"అక్క మీద ఒట్టు బావా! నేను రాకపోవడం నిజమే, కానీ కడుపుమంటతో కాదు, నా దుకాణంలో పని లేక సిగ్గేసి రాలేదు. నా దగ్గర ఊదారంగు దారం కూడా లేదు!"

"మీ అక్క మీద ఒట్టేస్తావురా, నా ముందే!"

"ఆగవయ్యా," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు బలహీనంగా. "సాక్ష్యం లేకుండా..."

"సాక్ష్యం మీ చేతుల్లో ఉంది సార్! మీరు ఊఁ అనండి, వీడి సంగతి నేను చూసుకుంటాను!"

గజంబద్ద పైకి లేచింది. బావమరిది కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ గారికి ఇక దారి లేదు. జేబులోంచి చెయ్యి తీసి బద్దను గాల్లోనే పట్టుకున్నారు. అందరూ ఆ చేతినే చూశారు. అయిదు వేళ్ళూ ఊదాగా, ఏ అనుమానానికీ తావు లేకుండా వెలిగిపోతున్నాయి.

"నేనే," అన్నారాయన. జీవితంలో ఎందరి చేతనో అనిపించిన ఆ మాట నోట్లో ఎంత చేదుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. "నువ్వు చాటుగా నా ఉడతను మేపుతున్నావనుకున్నాను."

"నేనా? నాకు తినడానికే తీరిక లేదు, ఉడతను మేపుతానా సార్?"

"మరి దాని బరువెలా పెరిగింది?"

గోడ అవతలి నుంచి జవాబొచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారి భార్య మోచేతులు గోడకు ఆనించి నిలబడి ఉంది. "అది నీళ్ళోసుకుందండీ. నాలుగు రోజులుగా పీచూ గుడ్డముక్కలూ మోసుకుంటూ గూడు కడుతోంది. నన్నడిగితే చెప్పేదాన్నిగా? ముగ్గురు పిల్లల్ని కన్నాను, ఒక్కసారైనా నా బరువు మీద మీకు అనుమానం వచ్చిందా?"

నవ్వాలో ఊరుకోవాలో ఎవరికీ తెలియలేదు. టైలర్ మాత్రం తడికోట్ల కింద చతికిలబడ్డాడు. బావమరిది టూత్‌బ్రష్ జేబులో పెట్టుకుని, "లే బావా, ఇద్దరం కూర్చుని ఉతుకుదాం," అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే వీధిలో ఆసుపత్రి వ్యాను ఆగింది.

దిగినావిడ పెద్ద నర్సు. ఆవిడ మొహంలో నవ్వు చూసినవాళ్ళు అప్పటికి లేరు. నేరుగా తాడు దగ్గరికి వెళ్ళి, ఒక కోటు అంచు పట్టుకుని పైకీ కిందకీ చూసింది.

"ఇవేమిటి?"

"ఉడత అడుగులండీ," అన్నాడు టైలర్, పీక మీద కత్తి పెట్టినట్టు. "తప్పు నాది కాదు..."

"తెల్లకోటు కనబడితే చాలు, మా పిల్లలు మంచాల కింద దూరుతున్నారు," అంది ఆవిడ. "రోజూ వాళ్ళను బయటికి లాగలేక నా నడుం పడిపోతోంది. ఇలాంటి కోటు వేసుకుని వెళితే ఉడత ఎటెళ్ళిందో వెతుక్కుంటూ వాళ్ళే బయటికొస్తారు. అన్నిటికీ ఇలాగే వేయించండి. ఈసారి ఉతికినా పోని రంగుతో. ఇవి వేసిందెవరో గానీ, వాళ్ళను మార్చకండి."

బావాబావమరుదులు ఆ మధ్యాహ్నమే రెండు మిషన్లూ ఒకే గదిలోకి చేర్చారు. ఉడత మాత్రం గూడు విడిచి రాలేదు. దాన్ని కదపడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టర్ గారి భార్య గోడ దగ్గర కాపలా కాసింది. అడుగులు వేయడానికి అనుభవమున్న మనిషి వీధిలో ఇక ఒక్కరే మిగిలారు.

ఇన్‌స్పెక్టర్ గారు కుట్టుమిషన్ పక్కన ముక్కాలి పీట వేసుకుని, చిటికెనవేలు రంగులో ముంచి, ఒక్కో అడుగూ వేయసాగారు. టైలర్ కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి కోటునూ వెలుగుకు ఎత్తి చూశాడు. "ఇక్కడ మూడు కాళ్ళే పడ్డాయి సార్. నాలుగోది ఎటు పోయినట్టు?"

ఇన్‌స్పెక్టర్ గారు ఎదురు చెప్పకుండా వేలు మళ్ళీ ముంచారు.