దిండ్ల లెక్క సీట్ల లెక్కను మింగిన సమరము

సకల చరాచరములయందు నిండియుండియు ఎవ్వరి పనికిని అడ్డురాని ఆ అంతర్యామికి మ్రొక్కి, శుక్రవారపు అపరాహ్ణమున, ఏసీ గాలి హోరుమనుచుండ, కాఫీ యంత్రము బుసలు కొట్టుచుండ, బస్సు టిక్కెట్ల సాఫ్ట్‌వేరు అల్లెడి ఒకానొక కార్యాలయపు మూడవ అంతస్తున చెలరేగిన మహాసంగ్రామమును చెప్పెద, వినుడు.

ఆ కొలువున కోడ్ ఫైళ్లను తనంతట తానే కనెడి ప్రోగ్రాము ఒకటి కలదు. ప్రతి ఫైలు నెత్తిన "చేత్తో ముట్టుకోవద్దు" అను శాసనముండును; అందరును చేతితోనే ముట్టుకొందురు. ప్రతి సోమవారము ప్రోగ్రాము ఫైళ్లన్నిటిని కొత్తగా కని, ఆ దిద్దుబాట్లను తుడిచిపెట్టును. మరల దిద్దుదురు. అచటి ఆచారమది.

దాని సృష్టికర్త, ఆఫీసంతయు 'బాబాయ్' అని పిలుచు వృద్ధసింహము, ఏ ఫైలులో పుట్టిన పేరునైనను అన్ని ఫైళ్లకు ఉమ్మడి సొత్తుగా విడిచెను. అందుచేత సీట్ల ఫైలులోని 'లెక్క'యు దిండ్ల ఫైలులోని 'లెక్క'యు ఒక్కటియై, బస్సులో దిండ్లు పన్నెండున్నచో నలువది సీట్లును పన్నెండుగా మారుచుండెను.

దీనిని వారము వారము దిద్దు దిద్దుబాటు ధురంధర 'అమ్మాయి'కి సోమవారమునుండి సెలవు. అక్కకు పుట్టిన పాపను ఆమె ఇంకను చూడలేదు. "ఇది తేలితేనే సెలవు" అని మేనేజరుగారి ఆన.

అంతట ఆ వీరవనిత కుర్చీ చక్రములు ఘర్ఘరింప సింహపు గుహకు దూసుకుపోయెను.

"బాబాయ్, ఏ ఫైలు పేర్లు ఆ ఫైలులోనే ఉండేలా మార్చండి. ఉమ్మడిగా కావాలన్నవాళ్లు అడిగి తీసుకుంటారు."

"ఏమ్మా, నిన్నగాక మొన్న వచ్చి వేరుకాపురాలు పెట్టిస్తావా? ఇన్నేళ్లూ కలిసి బతికాయి."

"బతకడమా! ఒకళ్ల నోటి దగ్గర ముద్ద ఇంకొకళ్లు లాక్కుంటున్నారు."

"పేర్లు వేరువేరుగా పెట్టుకోవాలి మరి."

"పేర్లు పెట్టేది నేనా? మీ ప్రోగ్రామేగా! అన్నిచోట్లా ఉండి ఎవరికీ అడ్డు రాకపోవడం దేవుడికి చెల్లుతుంది బాబాయ్. లెక్కకి చెల్లదు."

"నా ప్రోగ్రాంలో తప్పా? ఇదిగో, అందరూ చూడండి!" అని గర్జించి, సింహము వేలెత్తి, సోమవారమునకై వేచియుండక, మీట నొక్కెను. ఆమె దిద్దుబాట్లన్నియు ధూళియయ్యెను. మరుక్షణమే సింహపు జేబులో ఫోను కంపించెను.

బాబాయి చదివెను. మీసము వ్రాలెను.

"ఏమైందండీ?" అనెను గర్జన విని వచ్చిన మేనేజరు.

"రేపు మేమంతా ఊరెళ్తున్నాం కదా... మా ఆవిడ టిక్కెట్టు ఇరవై ఏడో సీటుకి. ఆ సీటు ఈ బస్సులో లేదని మన సాఫ్ట్‌వేరే మెసేజ్ పంపింది."

"పోనీలెండి బాబాయ్," అనెను అమ్మాయి మెత్తగా, "దిండు అడగండి."

"నవ్వకే తల్లీ! మీ పిన్నికి నేనేం చెప్పను?"

అంతటి మహాసింహమును ఏ తర్కమును వంచలేకపోయెను గాని, పిన్ని తలంపు వంచెను. బాబాయి తన ప్రోగ్రాములో 'ఉమ్మడి' అను ఒక్క మాట తుడిచి, 'సొంతం' అని వ్రాసి, మరల మీట నొక్కెను. ఫైళ్లన్నియు సరియైన లెక్కలతో పుట్టెను. ఇరవై ఏడవ సీటు పునర్జన్మమెత్తెను. ఆ మార్పు పక్కనే ఆయన "ఇది మొదటినుంచీ నా ఉద్దేశమే" అని కూడ వ్రాసుకొనెను. మేనేజరుగారు బాబాయికే అభినందనల మెయిలు పంపిరి.

అమ్మాయి దానిని సగము చదివి, సంచి భుజాన వేసికొని లిఫ్టు నెక్కెను. పేరు బాబాయిది, సీటు పిన్నిది. సెలవు మాత్రము, ఓ శ్రోతలారా, అచ్చముగా ఆమె సొంతము!