అల్లుడుగారికి విశ్రాంతి

ఆ ఆదివారం ఉదయం ప్రింటింగ్ ప్రెస్ ఫోర్‌మన్ గారు పళ్ళు తోముకుంటూ ఒక నిర్ణయానికి వచ్చారు. పది గంటలకు జరగబోయే బాస్కెట్‌బాల్ ఫైనల్లో అల్లుణ్ణి ఆడించకూడదు.

అల్లుడు అదే ప్రెస్సులో డిస్పాచి గుమాస్తా. ఏ కట్ట ఏ లారీలో ఎన్నింటికి వెళ్ళాలో అతనికి కాగితం చూడకుండానే తెలుసు. ప్రెస్సు టీముకి కోచి మామగారే, అందులో అతనిది పాయింట్ గార్డ్ స్థానం. అంటే బంతిని మన వైపు నుంచి అవతలి వైపుకి భద్రంగా తీసుకెళ్ళి, ఎవరికివ్వాలో చూసి ఇవ్వడం. మనిషి పొట్టి. ఈ పోటీలు మొదలయ్యాక అతను వేసినవి మొత్తం పదకొండు పాయింట్లు. ఆట సాగినంతసేపూ మాత్రం నోరు మూయడు. "కొంగా, కుడికి. నిచ్చెనా, ఆగు. ఇప్పుడు రా."

పాయింట్లన్నీ ఆ కొంగ, నిచ్చెనలవే. కొంగ కటింగ్ మెషీన్ దగ్గర ఒంటికాలి మీద గంటలకొద్దీ నిలబడి పనిచేసే రకం. నిచ్చెనది బైండింగు విభాగం, పై అరలోని కట్టలు దింపడానికి అతనికి స్టూలు అక్కర్లేదు. ఇద్దరూ వింగ్ ఆటగాళ్ళు, రెండు పక్కల నుంచీ దూసుకొచ్చి బుట్టలో వేసేవాళ్ళు. ఫోర్‌మన్ గారు రెండు వారాలుగా ఫోన్లో పెద్ద పెద్ద టీముల ఆటలు చూస్తున్నారు. అక్కడ పొడుగువాళ్ళే బంతి తెచ్చుకుంటున్నారు, వాళ్ళే వేసుకుంటున్నారు. మరి మనకి మధ్యలో ఈ చేరవేత దేనికి, అన్నది ఆయన ప్రశ్న.

ఓడిపోతే పోయేది కప్పు ఒక్కటే అయితే ఆయన ఇంత ఆలోచించేవారు కాదు. ప్రెస్సు వెనక ఆవరణలో ఉన్న ఆ కోర్టు స్థలంలో కాగితపు రీళ్ళకి షెడ్డు వేయించాలని యజమాని ఏడాదిగా చూస్తున్నాడు. ఫైనల్ గెలిస్తే కోర్టు ఉంటుంది, ఓడితే షెడ్డు లేస్తుంది అని చివరికి తేల్చి చెప్పాడు. షెడ్డు స్తంభాలు ఎక్కడెక్కడ రావాలో సుద్దతో గుర్తులు కూడా పెట్టించాడు. వాటిలో ఒకటి సరిగ్గా బుట్ట కింద ఉంది.

నిర్ణయమైతే అయింది గానీ, అల్లుడికి ఆ మాట ఎదురుగా చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి భార్యతో అన్నారు.

"అల్లుడుగారికి ఇవాళ విశ్రాంతి ఇస్తున్నానని అమ్మాయికి ఫోన్ చేసి చెప్పు."

"విశ్రాంతి ఏమిటి, ఆయన ఆడాలి కదా?"

"అదే, ఆడక్కర్లేదని. మెల్లిగా చెప్పు. కంగారు పడకుండా చెప్పు."

ఆవిడ స్టవ్ తగ్గించి, కుర్చీ లాక్కుని కూర్చుని, మెల్లిగానే మొదలుపెట్టింది.

"అమ్మలూ, కంగారు పడకు."

అవతల కూతురు అప్పటికే సగం కంగారు పడింది. "ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. మీ నాన్న రెండు వారాలుగా అల్లుడుగారినే గమనిస్తున్నారట. ఇవాళ ఆయన పరిగెత్తకపోతేనే మంచిదంటున్నారు."

"ఎందుకు? ఏం గమనించారు?"

"అవన్నీ నాతో చెబుతారా. విశ్రాంతి కావాలన్నారు, అంతే."

"అమ్మా, గుండె ఏమైనా..."

"నేను గుండె అని అనలేదే," అంది తల్లి, చాలా జాగ్రత్తగా.

ఆ జాగ్రత్తకే కూతురు ఫోన్ పెట్టేసి లేచింది. ఆమె గదిలోకి వెళ్ళేసరికి భర్త మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు. వంగడం వల్ల ముఖం కొంచెం ఎర్రగా ఉంది. ఇక ఆమెకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. "లేవకండి," అంది. పావుగంటలో ఇద్దరూ ఆటోలో ఉన్నారు. తనకేమీ కాలేదని అతను దారిపొడవునా చెబుతూనే ఉన్నాడు. గుండె జబ్బున్నవాళ్ళు సరిగ్గా అలాగే అంటారని ఆమె ఎక్కడో చదివింది.

ఇక్కడ ఫోర్‌మన్ గారు తొమ్మిదింటికల్లా కోర్టుకి చేరుకున్నారు. అంతకుముందే కొంగకీ నిచ్చెనకీ విడివిడిగా ఫోన్ చేసి, "ఇవాళ బంతి తెచ్చే బాధ్యత నీదే," అని చెప్పి ఉన్నారు. ఇద్దరూ చెరో బంతి చంకలో పెట్టుకుని వచ్చారు.

"బంతి తేవడమంటే ఇంటి నుంచి కాదురా. కోర్టులో, ఆ చివర నుంచి ఈ చివరకి."

"అది అతను కదండీ తెస్తాడు?" అన్నాడు కొంగ, గేటు వైపు చూస్తూ.

"ఇక అతనక్కర్లేదు. మీరిద్దరూ స్టార్లు. మీరే తెచ్చుకోండి, మీరే వేసుకోండి."

స్టార్లన్న మాట ఇద్దరికీ బాగా నచ్చింది. ఇద్దరిలో ఎవరు తేవాలన్న ప్రశ్న అడగడం ఎవరికీ తోచలేదు.

ప్రత్యర్థులు బస్సు డిపో మెకానిక్కులు, బోల్టులు బిగించే చేతులు. విజిల్ మోగింది. మొదటిసారి బంతి ప్రెస్సు టీముకి రాగానే, తేవలసింది తానేనని కొంగా నిచ్చెనా ఇద్దరూ ఒకేసారి దానిమీదికి ఉరికారు. భుజాలు ఢీకొన్నాయి. బంతి మధ్యలోంచి జారి ఒక మెకానిక్కు కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అతను దాన్ని తీసుకెళ్ళి హాయిగా బుట్టలో వేసుకున్నాడు. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి బంతి కొంగకి దక్కింది గానీ, అంత దూరం తెచ్చాక ఇంకొకడికి ఇవ్వడానికి మనసొప్పక ముగ్గురు మెకానిక్కుల మీంచి తనే విసిరాడు. అది గోడ అవతల సైకిల్ స్టాండులో పడింది.

మొదటి పావు ముగిసేసరికి స్కోరు పద్నాలుగు, అయిదు. అయిదు మనవి.

"మీకు సిగ్గుందా? కలిసి ఆడాలి. ఒకరికొకరు ఇచ్చుకోవాలి," అన్నారు ఫోర్‌మన్ గారు.

ఇద్దరూ నిజంగానే సిగ్గుపడ్డారు. మంచివాళ్ళు కూడాను. రెండో పావులో తప్పు దిద్దుకోవడానికి గట్టిగా పూనుకున్నారు.

"నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు కొంగ.

"లేదులే, నువ్వే తీసుకెళ్ళు," అన్నాడు నిచ్చెన.

"ఇందాక నేనే కదా వేసింది. ఈసారి నీది."

పెళ్ళిభోజనాల దగ్గర చేతులు కడుక్కునే చోట ఇద్దరు వియ్యంకులు మర్యాద చేసుకున్నట్టు బంతి వాళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగింది. బుట్టకి విసరడానికిచ్చే ఇరవై నాలుగు సెకన్లు అయిపోయాయని రిఫరీ మూడుసార్లు బంతి లాక్కున్నాడు. ఈ మర్యాదల మధ్య జారిన బంతులన్నిటి వెనకా పరిగెత్తి అవతలివాళ్ళని ఆపే పని బైండింగులో జిగురు పూసే అతని మీద పడింది. జిగురాయన ప్రాణం పెట్టి ఆడాడు. పెట్టి పెట్టి అర్ధభాగం ముగియకముందే అయిదు ఫౌళ్ళు పూర్తిచేసి, నియమం ప్రకారం బయటికి వచ్చేశాడు.

టీము జాబితాలో ఏడు పేర్లున్నాయి. ఆడుతున్న అయిదుగురిలో ఒకడు పోయాడు. ఆరోవాడు అల్లుడు. ఏడో పేరు, కనీసం ఏడుగురు ఉండాలన్న నియమం కోసం రాసింది, ఫోర్‌మన్ గారిదే. ఆయన చెమట తుడుచుకుని కూతురికి ఫోన్ చేశారు.

"అమ్మా, అల్లుడుగారిని ఒకసారి పంపిస్తావా?"

"ఆయనకి ఈసీజీ తీస్తున్నారు నాన్నా," అంది కూతురు ఏడుస్తూ. "మీరు ఇంత కనిపెట్టి కూడా నాకు నేరుగా ఎందుకు చెప్పలేదు?"

ఫోర్‌మన్ గారు ఉన్నచోటే బెంచీ మీద కూర్చుండిపోయారు. "ఈసీజీనా? అల్లుడికా? ఏమైంది?"

"అది మిమ్మల్నే అడుగుదామని అనుకుంటున్నాను."

ఎవరు ఎవరితో ఏమన్నారో తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల చివర కూతురి గొంతులో ఏడుపు పూర్తిగా పోయి, ఫోర్‌మన్ గారికి అంతకంటే ఏడుపే నయమనిపించే స్వరం ఒకటి వచ్చింది. "మేం వస్తున్నాం," అని పెట్టేసింది.

క్లినిక్కు రెండు వీధుల అవతలే. వాళ్ళు విరామంలోనే వచ్చారు. దారిలో తల్లినీ ఎక్కించుకున్నారు. అల్లుడి చొక్కా గుండీల మధ్య నుంచి ఈసీజీ వాళ్ళు తీయడం మరిచిపోయిన బిళ్ళ ఒకటి కనిపిస్తోంది. అతను ముందుగా స్కోరుబోర్డు చూశాడు. ఇరవై ఆరు, పదకొండు. తర్వాత మామగారిని చూశాడు.

"నన్ను తీసేద్దామనుకున్నారా మామయ్యగారూ?" అన్నాడు. కోపంగా కాదు, ఏదో కట్ట తప్పు లారీ ఎక్కిందని తెలిసినప్పుడు అడిగినట్టు.

"తీసేయడమని కాదు బాబూ," అన్నారు ఆయన.

"మేం ఆయన్ని ఒక్కసారి కూడా వద్దనలేదు," అన్నాడు కొంగ నేలచూపులు చూస్తూ. "బంతి చేతికొచ్చాక ఏం చెయ్యాలో మాకు తెలుసు. రాకముందు ఏం చెయ్యాలో ఆయనకే తెలుసు."

అల్లుడు బూట్ల తాళ్ళు మళ్ళీ బిగించబోయాడు. భార్య భుజం మీద చెయ్యి వేసింది. "డాక్టరు గారు కాగితం చూసి సంతకం పెట్టేది నాలుగింటికి. అప్పటిదాకా పరుగు వద్దన్నారు. మీరు ఇలా కూర్చోండి."

కోర్టులో నలుగురే మిగిలారు. రిఫరీ జాబితా చూసి, ఫోర్‌మన్ గారి పొట్ట చూసి, మళ్ళీ జాబితా చూశాడు. "మీ పేరుంది. దిగుతారా?"

అలా యాభై ఏడేళ్ళ ఫోర్‌మన్ గారు, ప్యాంటు మడిచి కట్టుకుని, జిగురాయన జెర్సీలో దూరి కోర్టులోకి దిగారు. కొంగా నిచ్చెనా పక్కల్లో ఉంటేనే బుట్టలో పడుతుంది కాబట్టి, బంతి తెచ్చే పని ఆయనకే వచ్చింది. బయట గీత దగ్గర కోచి స్థానంలో అల్లుడు నిలబడ్డాడు.

"మామయ్యగారూ, ఏమీ అనుకోకండి, కొంచెం ఎడమవైపుకి జరిగితే బాగుంటుందేమో," అన్నాడు అల్లుడు.

అతను "అనుకోకండి" దగ్గర ఉండగానే ఒక మెకానిక్కు బంతి తీసుకెళ్ళిపోయాడు.

"మామయ్యగారూ, దయచేసి ఆ వెనకాయన్ని గమనించి..."

గమనించేలోపు వెనకాయన ముందుకొచ్చేశాడు. రెండు బుట్టలు ఇలా గౌరవంగా పోయాక ఫోర్‌మన్ గారు ఆగి, మోకాళ్ళ మీద చేతులుంచుకుని అరిచారు. "బాబూ, ఆ గౌరవాలు ఇంటికెళ్ళాక. ముందు ఎటు వెళ్ళాలో చెప్పు."

అల్లుడు ఒక్క క్షణం అత్తగారి వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఎడమ. ఆగు. చూడకు అటు. కొంగకి. వదులు. వదులంటే వదులు."

ప్రేక్షకుల్లో అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుంది. "అది మన అల్లుడుగారేనా?"

"ఆయన డిస్పాచిలో ఇలాగే మాట్లాడతారట," అంది కూతురు.

బంతి కొంగ చేతికి సరిగ్గా అతను గాల్లోకి లేచే చోట అందింది. మరుసటిసారి నిచ్చెనకి. ఫోర్‌మన్ గారికి ఏం జరుగుతోందో తెలియడం లేదు. చెప్పినప్పుడు ఆగుతున్నారు, చెప్పినప్పుడు వదులుతున్నారు. తాను రెండు వారాలు ఫోన్లో చూసినంతసేపూ బంతినే చూశానని, బంతి లేని నలుగురినీ ఒక్కసారి కూడా చూడలేదని మాత్రం ఆయనకి ఆ ఆయాసంలో అర్థమైంది. మూడో పావు ముగిసేసరికి స్కోరు ముప్పై నాలుగు, ఇరవై ఏడు.

నాలుగో పావు మొదలయ్యాక యజమాని కారు దిగి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన షెడ్డు వేసే కాంట్రాక్టరు, చేతిలో టేపు.

పది సెకన్లు మిగిలాయి. నలభై నాలుగు, నలభై మూడు. ఒక్క పాయింటు వెనక. బంతి ఫోర్‌మన్ గారి దగ్గర. కొంగకి ఇద్దరు కాపలా, నిచ్చెనకి ఇద్దరు. అల్లుడు బయట నుంచి ఏదో అంటున్నాడు గానీ ఆయన చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఊపిరి అందలేదు. బంతిని రెండు చేతులతో పొట్టకి అదుముకుని అలాగే నిలబడిపోయారు.

ఎదురుగా ఉన్న మెకానిక్కు మంచివాడు. ముఖం చూసి భయపడ్డాడు. "పెద్దాయనా, బాగానే ఉన్నారా?" అని చేతులు దించాడు. కొంగని కాస్తున్న ఇద్దరూ కూడా ఏమైందోనని ఇటు తిరిగారు.

"బాగానే ఉన్నాను నాయనా," అన్నారు ఫోర్‌మన్ గారు. ఆ మాటతోపాటే బంతినీ వదిలారు. బుట్ట కింద, సుద్ద గుర్తు మీద ఒంటరిగా నిలబడిన కొంగ దాన్ని అందుకుని నెమ్మదిగా లోపల పెట్టాడు.

విజిల్ మోగింది. కాంట్రాక్టరు టేపు చుట్టేసుకున్నాడు. మంచినీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చిన భార్యకి ఫోర్‌మన్ గారు నేలమీద వెల్లకిలా కనిపించారు. అల్లుడు ఆయన పక్కన కూర్చుని కాళ్ళు వత్తుతున్నాడు. మళ్ళీ మీరూ గారూ వచ్చేశాయి. డాక్టరు కూడా నాలుగింటి దాకా ఆగలేదు. అల్లుడిది గుర్రానికి ఉండవలసిన గుండె అని ఫోన్లోనే చెప్పేశాడు.

యజమాని వచ్చి అందరి చేతులూ ఊపాడు. ఆయన చూసింది చివరి పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో బంతి తెచ్చినవాడు ఫోర్‌మనే.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని బయట కూర్చోబెట్టిన తెలివైనవాడెవడయ్యా?" అన్నాడు. "ఆ చివర్లో పోతున్నవాడిలా నటించడం, అబ్బో. వచ్చే నెల పెద్ద టోర్నమెంటుకి పేరిచ్చేస్తున్నాను. పాయింట్ గార్డు మీరే. కోచి మీ అల్లుడు."

"నేనెందుకండీ," అన్నారు ఫోర్‌మన్ గారు లేవకుండానే. "ఆ పని అల్లుడుగారిది. లేదంటే కొంగ, నిచ్చెన ఉన్నారు. స్టార్లు. వాళ్ళే తెచ్చుకోగలరు."

"లాభం లేదు," అన్నాడు యజమాని. "స్టార్లకి బంతి తెచ్చే మనిషి వేరే ఉండాలి. ఇంతకాలం ఆటతో ఉన్నారు, ఆ మాత్రం తెలీదా?"

ఫోర్‌మన్ గారు అల్లుడి వైపు ఆశగా చూశారు. అల్లుడు చొక్కా లోంచి ఆ బిళ్ళ ఊడదీసుకుంటున్నాడు.

"బయట నుంచి చూస్తే ఆట భలే కనిపిస్తోంది మామయ్యగారూ," అన్నాడు.

సోమవారం ఉదయం ప్రెస్సు నోటీసు బోర్డు మీద కొత్త కోచి చేతిరాతతో కాగితం వెలిసింది: ప్రాక్టీసు రోజూ అయిదున్నరకి, ఆలస్యంగా వచ్చినవారు ఎంత దగ్గరి బంధువులైనా కోర్టు చుట్టూ పది రౌండ్లు.