అమ్మకు చోంగ్‌చింగ్ చూపించిన రోజు

పొద్దున బయలుదేరేటప్పుడు చియావ్ షౌయి వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. భార్య వెన్‌జ్వాన్‌తో కలిసి రైల్లో చోంగ్‌చింగ్ వెళ్లాలి. భవనం కడుపులోంచి దూరిపోయే నగర రైలునూ, నది మీద తీగకు వేలాడుతూ ఒడ్డు దాటించే తీగల బండినీ చూడాలి. చీకటి పడేలోపు జున్‌యీలో ఇంటికి చేరాలి. మూడో ప్రయాణికురాలు అతని తల్లి. ఫోనులో ఆ రైలును చూసినప్పటి నుంచి "ఒక్కసారి తీసుకెళ్లరా" అని ఆమె అడుగుతూనే ఉండేది. బస్సు డిపోలో సెలవు దొరకదని షౌయి వాయిదా వేస్తూ వచ్చాడు. ఆమె చలికాలంలో పోయింది. సెలవు ఇప్పుడు దొరికింది.

దహనశాల వాళ్లిచ్చిన నల్లపెట్టెను చూస్తే బోగీలో జనం హడలిపోతారని వెన్‌జ్వాన్ భస్మాన్ని అత్తగారి మట్టికూజాలోకి మార్చింది. ఆమె ఏటా మిరపముద్ద ఊరబెట్టిన కూజా అది. స్టేషన్‌లో తనిఖీ మనిషి "ఏముంది ఇందులో?" అని అడిగితే షౌయి భార్య వైపు చూశాడు.

"మిరపముద్ద," అంది వెన్‌జ్వాన్. అతను కూజాను వాసన చూసి, తుమ్మి, పొమ్మన్నాడు.

వాళ్ల వెనకే వరసలో నిలబడ్డ పాన్ అనే పెద్దమ్మకు బోగీలో సీటు కూడా వాళ్ల పక్కనే వచ్చింది.

"జున్‌యీ మిరపేనా? మాది చోంగ్‌చింగే నాయనా. మా అబ్బాయికి హాట్‌పాట్ దుకాణం ఉంది, మరిగే కారప్పులుసుతోనే వాడి బేరమంతా. ఏదీ, కాస్త రుచి చూపించు," అంటూ ఆవిడ సంచిలోంచి ఆవిరి మీద ఉడికించిన బన్ను తీసింది.

"ఇంకా ఊరలేదు పెద్దమ్మా."

"ఎప్పుడు పెట్టారు?"

"చలికాలంలో."

"అయితే ఎప్పుడో ఊరింది. ఎవరు పెట్టారు?"

"మా అమ్మ," అన్నాడు షౌయి, దిక్కుతోచక.

"ఘాటుగా ఉంటుందా?"

"చాలా," అంది ఆ అత్తగారితో ఏళ్ల తరబడి వేగిన వెన్‌జ్వాన్.

ముందు సీటు మనిషి కూడా వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. "ముద్దంత పెడితే మీ సొమ్మేం పోతుందండీ?" అన్నాడు. షౌయి కూజాను రెండు చేతులా వాటేసుకున్నాడు. ఆ పట్టు చూసి పాన్ పెద్దమ్మకు నమ్మకం కుదిరింది. కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరే దాలియాంగ్, బండి వేసుకుని స్టేషన్‌కి రా. ప్రాణం పోయినా ఇవ్వనంటున్నారు. సరుకు మామూలుది కాదు."

దాలియాంగ్ తలుపంత మనిషి. వాళ్లు వద్దన్నకొద్దీ అది బేరమే అనుకున్నాడు. మర్యాదలు చేసి మెత్తబరుద్దామని ఊరంతా తిప్పాడు, కూజా పెట్టిన సంచీ కూడా తనే మోశాడు. భవనంలోంచి రైలు వెళ్తుంటే షౌయి సంచీ వైపే చూశాడు. తీగల బండిలో నది మీదికి రాగానే అతనికి ఏడుపు ఆగలేదు.

"ఎత్తంటే భయమా? కళ్లు మూసుకో," అంది పాన్ పెద్దమ్మ.

"చెప్పేద్దాం," అని గొణిగింది వెన్‌జ్వాన్.

"చెబితే నదిలోకి తోసేస్తాడు."

"నిన్నేగా."

దుకాణానికి చేరాక షౌయి చేతులు కడుక్కుని వచ్చేసరికి కుర్చీ మీద సంచీ ఖాళీగా ఉంది. వంటింట్లోకి పరిగెత్తాడు. మరుగుతున్న పెద్ద గిన్నె పక్కన కూజా మూత తీసి ఉంది. దాలియాంగ్, పాన్ పెద్దమ్మ అక్కడే ఉన్నారు. వంటవాడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఎండబెట్టి పొడి కొట్టారా? అసలు ఘాటే లేదు."

"అది మా అమ్మ."

"అమ్మ పెట్టిందనే చెప్పారు."

"పెట్టింది కాదు. అమ్మే."

గరిటె నేల మీద పడింది. దాలియాంగ్ మెల్లగా చొక్కా చేతులు పైకి మడిచాడు. షౌయి కూజాను గుండెకు హత్తుకుని తడినేల మీద కూలబడి కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడితే బాగుండునని కూడా అనిపించింది. ఇన్నేళ్లు వాయిదా వేసినందుకు ఎవరూ అతన్ని కొట్టలేదు. అమ్మయితే గట్టిగా కూడా అడగలేదు.

పాన్ పెద్దమ్మ కొడుకును పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"తీగల బండిలో కూడా ఆవిడ సంచిలోనే ఉందా?"

"అవును పెద్దమ్మా."

"మావాడి కాళ్ల దగ్గరా?"

షౌయి తలూపాడు.

"సిగ్గులేదూ నీకు? ఊరు చూపిస్తానని తెచ్చి సంచిలో కుక్కి తిప్పుతావా? లే, మళ్లీ వెళ్దాం. ఒరే, బండి తియ్యి."

కూజాలోకి చూడకుండానే షౌయి మూత బిగించాడు. ఈసారి తీగల బండిలో జనాన్ని మోచేతులతో తోసి పాన్ పెద్దమ్మ అద్దం పక్కన చోటు చేసింది. నది మధ్యకు రాగానే షౌయి కూజాను అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

"అదిగో అత్తయ్యా, నది," అంది వెన్‌జ్వాన్. "ఆ పడవలు చూడు. వంతెన ఇటు వైపు." అవతలి ఒడ్డు వచ్చేదాకా ఆమె చూపిస్తూనే ఉంది. అత్తగారితో ఆమె అంతసేపు దెబ్బలాడకుండా మాట్లాడటం అదే మొదలు.

ఈలోగా దుకాణంలో వంటవాడు గిన్నెడు పులుసూ మోరీలో పారబోశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.