లువాన్ తాత పుల్లైసు చికిత్స

జూలై పదహారో తారీఖు నుంచి మా పచ్చవెదురు నివాస సముదాయంలో ఎవరూ జబ్బు పడరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని లిఫ్టులో అతికించారు. ఆనాటి నుంచి మొదలై ఏడాది మొత్తంలోకీ ఎక్కువగా భగభగలాడే నలభై రోజుల్లో వీపున మందుపట్టీ వేసుకుంటే చలికాలం దగ్గు గడప తొక్కదని పెద్దల మాట. మా జినాన్ నగరపు ఎండలో పెద్దల మాట కాదనే ఓపిక ఎవరికుంటుంది?

పట్టీలో ఉండేది అల్లం, ఆవాలు. వీపు బొబ్బలెక్కితే మందు పనిచేసినట్టు. రెండో బ్లాకు పదకొండు బొబ్బలతో ప్రథమ బహుమతి కొట్టేసింది. అందులో మూడు పాత కురుపులేనని ఐదో బ్లాకు అభ్యంతరం దాఖలు చేసింది. గాలే సకల రోగాలకూ మూలం గనుక ఫ్యాన్లు ఊడదీశారు. ఎర్ర చేతిపట్టీల వాలంటీర్లు ఇంటింటికీ వచ్చి, తాగేవి వేణ్ణీళ్లేనా అని ఫ్లాస్కులో వేలు ముంచి చూసేవారు. వేలు కాలితే అది ఆదర్శ కుటుంబం. మూడో బ్లాకులో ఒకావిడ తుమ్మింది. సాయంత్రానికల్లా ఆ తుమ్మును రాతపూర్వకంగా ఉపసంహరించుకుంది.

ఇదంతా గేటుకు తగిలించే ఒక ఇత్తడి ఫలకం కోసం. ‘ఋతుధర్మ ఆదర్శ సముదాయం’ అని దానిమీద చెక్కి ఉంటుంది. అర్హత తేల్చే జిల్లా తనిఖీ బృందం ఇరవై ఆరున వస్తుంది. మా ఆరోగ్యానికి సాక్ష్యంగా తొంభై నాలుగేళ్ల లువాన్ తాతను నిలబెట్టాలని సంఘం అధ్యక్షురాలు యాన్ గారు నిర్ణయించారు.

నిర్ణయించాక తెలిసింది. తాత పట్టీ వేసుకోడు, వేణ్ణీళ్లు తాగడు. రోజూ మూడింటికి బియాన్ అత్త కొట్లో పెసల పుల్లైసు కొని, సైకిల్ షెడ్డు వెనక గోడకేసి తిరిగి చప్పరిస్తాడు. నలభై ఏళ్లుగా అదే అలవాటు.

“చన్నీళ్లే ప్రమాదమంటుంటే ఏకంగా ఐసా తాతగారూ? ఫలకం పోతుందండీ!” అన్నారు యాన్ గారు.

“ఫలకం నువ్వు తగిలించుకో అమ్మాయీ. నాకున్నవి నాలుగు పళ్లు. మాంసం నమల్లేను, వేరుశనక్కాయ కొరకలేను. మిగిలింది ఆ ఐసు ముక్కే. దాన్నీ లాక్కుంటావా?”

లాక్కున్నారు. బియాన్ అత్త కొట్లో ఫ్రీజరు మూతకు సంఘం ముద్రతో కాగితం అంటించారు. మొదటి రోజు తాత అలిగాడు. రెండో రోజు చదరంగానికి రాలేదు. మూడో రోజుకు కళ్లు లోతుకు పోయాయి. నాకు నిజంగానే భయమేసింది. యాన్ గారికీ వేసింది. ఇరవై ఆరు దాకా ఆయన ఉండాలి కదా.

ఉన్నాడు. ఆ రోజు సంఘం హాల్లో బృంద నాయకుడు గావ్ గారు గొంతు సవరించుకున్నారు. “ఇంతటి ఆయుష్షుకు మూలమేమిటో సెలవివ్వండి.”

యాన్ గారు గుడ్లురిమారు.

“పుల్లైసు” అన్నాడు తాత. “ఈ అమ్మాయి సీలేసింది.”

ఫ్యాన్లు లేని హాలు ఒక్కసారిగా చల్లబడింది. గావ్ గారు మాత్రం చప్పట్లు కొట్టారు.

“మహాద్భుతం! చలువను లోపలికి పంపి వేడిని బయటికి గెంటడం! ఏ వేళకి?”

“మూడింటికి.”

“మూత్రాశయ నాడి మేలుకునే ఘడియ! ఏ దిక్కుకి?”

“గోడకేసి. మీలాంటోళ్లు చూడకుండా.”

“రాసుకోండయ్యా, గోడకేసి!”

ఫలకం వచ్చింది. ‘లువాన్ పద్ధతి’ మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. మందుపట్టీలు వేసుకున్న రెండు వందల వీపులు మూడింటికల్లా షెడ్డు గోడ పొడుగునా బారులు తీరాయి. ముద్ర చించిన యాన్ గారే మొదటి ఐసు చప్పరించి, మూత్రాశయం తేలికపడిందని ప్రకటించారు. జనం జేజేలు పలికారు.

తాత కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికి ఫ్రీజరు ఖాళీ.

“ఒక్కటైనా దాచలేదటే బియాన్?”

అత్త ఫ్రీజరు మూత ఎత్తి చూపింది. యాన్ గారు పరుగున వచ్చి తన ఫ్లాస్కు మూత తీశారు. “వేణ్ణీళ్లు తాగండి తాతగారూ, ఒంటికి మంచిది.”

ఆఖరి ఐసు నా నోట్లో ఉంది. తాత నా భుజం తట్టాడు. “ఒక్క ముక్క పెట్టరా నాయనా.”

పద్ధతి ప్రకారం గోడ మీంచి చూపు తిప్పకూడదు. నేను తిప్పలేదు.