పంజరం లేని చిలుక

ఇకమీదట తన బంగళాలో ఏ పక్షీ పంజరంలో ఉండదని పక్షి సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. ఆ నిర్ణయం వెనక ఎంత పెద్ద మనసుందో పత్రికలన్నీ మొదటి పేజీలోనే రాశాయి. బంగళాలో ఉన్నది ఒకే ఒక్క చిలుక. అయినా దానం చేసేటప్పుడు లెక్కలు చూడకూడదు.

మర్నాడు పొద్దున్నే పశువుల డాక్టరమ్మకు మంత్రిగారి పీఏ నుంచి ఫోన్. "కత్తెర పట్టుకుని రండి మేడమ్."

ఆవిడ వెళ్లేసరికి మంత్రిగారి భార్య చిలుకను ఒళ్లో పెట్టుకుని కళ్లొత్తుకుంటోంది. "కన్నబిడ్డలా పెంచాను డాక్టరమ్మా. ఈయనేమో విలేకరుల ముందు వదిలేస్తారట. ఎగిరిపోతే?"

"ఎగరదండీ," అన్నాడు పీఏ. "రెక్కలు కొంచెం ట్రిమ్ చేయిస్తున్నాం."

"స్వేచ్ఛ ఇస్తామన్నారు కదా?" అంది డాక్టరమ్మ.

"ప్రకటన సరిగ్గా చదవండి మేడమ్. పంజరం తీసేస్తామన్నాం. అందులో రెక్కల ప్రస్తావనే లేదు."

మంత్రిగారు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చారు. "నొప్పెడుతుందా తల్లీ దానికి?"

"లేదండీ, జుట్టు కత్తిరించినట్టే. కానీ కొత్త ఈకలు వచ్చేదాకా ఆపదొస్తే తప్పించుకోలేదు."

"నా ఇంట్లో ఆపదేమిటమ్మా!"

డాక్టరమ్మ ఈ పోస్టింగు కోసం కాళ్లరిగేలా తిరిగింది. అందుకని నోరు మూసుకుని కత్తెర తెరిచింది.

సభ అదిరిపోయింది. మంత్రిగారు చిలుకను భుజం మీద పెట్టుకుని, పచ్చికలో నిలబడి సుత్తితో పంజరాన్ని పగలగొట్టారు. చిలుక ఒకసారి రెక్కలు టపటపలాడించి, సంగతి అర్థమై ఆయన భుజం మీదే కూర్చుండిపోయింది.

"చూశారా! పొమ్మన్నా పోదు! ప్రేమంటే ఇదీ!"

చప్పట్లు మోగిపోయాయి. పీఏ ఏడ్చాడు కూడా.

ఆ వారంలోనే 'పంజరం లేని ఇల్లు' పథకం వచ్చింది. జబ్బు చేసిన గేదెలు ఆసుపత్రి బయట ఎండలో నిలబడితే, డాక్టరమ్మ లోపల ఊరందరి పక్షులకూ స్వేచ్ఛ ప్రసాదించింది. ఇళ్లల్లో చిలుకలు కోళ్లలా నడవసాగాయి. మంత్రిగారికి దేశవ్యాప్తంగా పేరొచ్చింది.

పథకం గురించి తెలియనిది పక్క బంగళా పిల్లికి మాత్రమే. అది ప్రతిపక్ష నాయకుడి పిల్లి. ఒక మధ్యాహ్నం గోడ దూకి వచ్చింది. "ఎగురమ్మా, ఎగురు!" అని మంత్రిగారి భార్య వరండాలోంచి అరుస్తూనే పరుగెత్తింది. చిలుక పూలకుండీ ఎత్తు దాకా ఎగిరింది. అంతే.

సంతాప సభలో మంత్రిగారు కళ్లు తుడుచుకుని మైకు అందుకున్నారు. "ఇది ప్రతిపక్షం కుట్ర!"

"ఎగిరిపోవచ్చు కదా సార్, ఎందుకెగరలేదు?" అని ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "ఎగరగలిగీ ఎగరలేదు బాబూ. మనుషులే పార్టీలు మారుతున్న ఈ రోజుల్లో, విధేయతకు ప్రాణమిచ్చింది. రెక్కలకు ఏ లోపమూ లేదని డాక్టరుగారే చెబుతారు."

కెమెరాలన్నీ డాక్టరమ్మ వైపు తిరిగాయి. డాక్టరమ్మ మంత్రిగారి భార్య వైపు చూసింది. ఆవిడ తల దించుకుంది.

"రెక్కలు... రెండూ ఉన్నాయండీ," అంది డాక్టరమ్మ.

ఆ మాట అన్నాక ఆవిడకు ముద్ద దిగలేదు. మర్నాడు ప్రతిపక్ష నాయకుడి ఇంటి నుంచి కబురు రాగానే, ఏ మారుమూలకు బదిలీ చేసినా సరే, నిజం చెప్పెయ్యాలనుకుని వెళ్లింది. ఆయనే లేచి కుర్చీ వేశారు.

"సార్, ఆ చిలుక రెక్కల సంగతి..."

"తెలుసులేమ్మా. గోడ పక్కనే కదా, మీరు కత్తిరించడం మా మేడ మీంచి చూశాను."

"మరి బయటపెట్టరా?"

"పెడదాం, పెడదాం. దేనికైనా టైము రావాలి." ఒళ్లో పిల్లి గుర్రుగుర్రుమంటోంది. "రేపట్నుంచి నేను అహింసా దీక్షకు కూర్చుంటున్నాను. పక్కన ఇదీ ఉంటుంది. దీని గోళ్లు మొదలంటా తీసెయ్యాలి."

డాక్టరమ్మ చూపు పిల్లి పంజాల మీద పడింది.

"పళ్లు కూడా," అన్నారాయన దాని తల నిమురుతూ. "కానీ ఫోటోలో మాత్రం పులిలా ఉండాలమ్మా."